బాబుకీ, మామగారికీ పాట ఎలా పనికొస్తుందంటే

అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆటిజం ఉన్న బాబుకి ఏ పాటలు పెట్టాలి, స్ట్రోక్ వచ్చి మాట పెగలని మీ మామగారికి ఏవి పెట్టాలి, లిస్టు రాసి పంపమన్నావు. లిస్టు పంపడం లేదు. ఇన్నేళ్లు మ్యూజిక్ థెరపిస్టుగా పనిచేసి చెబుతున్నాను, ఫలానా జబ్బుకి ఫలానా పాట అనే లెక్క ఎక్కడా లేదు. పాట పెట్టేసి పక్క గదిలోకి వెళ్లిపోతే ఒరిగేది తక్కువ. ఎదురుగా కూర్చుని, మనిషి ముఖం చూస్తూ, ఆ మనిషి ఊపిరికీ కదలికకీ తగ్గట్టు నువ్వు పాడితే అసలు పని మొదలవుతుంది. శిక్షణ పొందినవాళ్లు చేసే థెరపీ వేరే ఉంది, దాని గురించీ చెబుతాను. ఇంట్లో నువ్వు చేయగలిగింది కూడా తక్కువేం కాదు.

ముందు బాబు సంగతి. పేరు పెట్టి పిలిస్తే తిరగడు గానీ పాట వినపడితే ఆగి వింటాడని రాశావు. మంచి మాట, అక్కడి నుంచే మొదలుపెట్టు. వాడికి బాగా తెలిసిన చిన్న పాట ఒకటి తీసుకో, రెండు లైన్లు చాలు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, నేల మీద వాడి ఎత్తుకి కూర్చో. వాడు ఊగుతుంటే ఆ ఊపుకే పాడు. బల్ల మీద కొడుతుంటే ఆ దరువుకే పాడు. వాడిని నీ తాళంలోకి లాక్కురావాలని చూడకు, నువ్వే వాడి తాళంలోకి వెళ్లు.

నాలుగైదు సార్లు పాడాక చివరి మాట దగ్గర ఆగిపో. ఆ మాట అనబోతున్నట్టు నోరు తెరిచి, కనుబొమలు ఎత్తి, వాడి వంకే చూస్తూ ఆగు. ఇక్కడే అందరూ తొందరపడతారు, రెండు సెకన్లకే మాట అందించేస్తారు. నువ్వు మనసులో పది లెక్కపెట్టు. మొదట్లో పాట ఎందుకు ఆగిందా అని ఒక్కసారి చూస్తాడు, అంతే. ఆ చూపు పడగానే చివరి మాట పాడేసెయ్యి. తను చూశాడు కాబట్టే పాట ముందుకి వెళ్లిందని వాడికి అర్థం కావాలి. కొన్నాళ్లకి నీ చెయ్యి పట్టుకుని లాగొచ్చు, ఊఁ అనొచ్చు, ఆ మాటలో సగం ముక్క అనొచ్చు. ఎప్పుడన్నది చెప్పలేం. సగం ముక్క అన్నా సరే, దాన్ని సరిదిద్దకుండా సంతోషంగా అందుకో.

ఇలా పిల్లల తాళంలోకే వెళ్లి పనిచేసిన ఇద్దరి సంగతి చెబుతాను. అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే ఇంగ్లండు టీచర్ క్లైవ్ రాబిన్స్ 1959లో కలిసి పని మొదలుపెట్టారు. పిల్లాడు ఏడిస్తే ఆ ఏడుపు ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే పియానో వాయించి జవాబిచ్చేవారు. ఏడుపు కాస్తా ఇద్దరి సంభాషణ అయ్యేది. అందుకే బాబు మొండికేసి అరుస్తున్నప్పుడు మెల్లని జోలపాట పెట్టకు. ముందు వాడి వేగంలోనే, కాస్త గట్టిగానే దరువు వెయ్యి. వాడు దాన్ని పట్టుకున్నాక కొంచెం కొంచెంగా నెమ్మది చెయ్యి. నిద్ర పట్టనివాళ్లకీ, టెన్షన్‌తో ఉన్నవాళ్లకీ ఇదే పద్ధతి. అరుపు మధ్యలో వాడు చెవులు మూసుకుంటే మాత్రం వెంటనే ఆపెయ్యి. కొందరు పిల్లలకి శబ్దమే నొప్పి.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. తొమ్మిది దేశాల్లో 364 మంది పిల్లలతో చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. మ్యూజిక్ థెరపీ వల్ల ఆటిజం లక్షణాల తీవ్రత చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేలింది. వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2022లో 26 అధ్యయనాలు కలిపి చూసినప్పుడు మాత్రం, థెరపీ తీసుకున్న పిల్లలు మొత్తం మీద మెరుగుపడే అవకాశం ఎక్కువని కనిపించింది. కాబట్టి ఆటిజం పోతుందని ఆశపడి పాడకు. వాడు నీ వంక చూడటం, తన వంతు కోసం ఆగడం, కావలసింది అడగడం నేర్చుకోవాలని పాడు. స్పీచ్ థెరపీ మానిపించొద్దు. తెలివి పెరుగుతుందని ఎవరైనా పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ రికార్డింగులు అంటగడితే కొనొద్దు. ఆ ప్రచారానికి మూలమైన 1993 నాటి ప్రయోగం చేసింది 36 మంది కాలేజీ విద్యార్థుల మీద, పసిపిల్లల మీద కాదు. కనిపించిన ఫలితమైనా పదిహేను నిమిషాలు దాటి నిలవలేదు.

ఇక మీ మామగారు. మాట పెగలడం లేదు గానీ పాత పాట ఎత్తుకుంటే చరణమంతా పాడేస్తున్నారని, అది చూసి మీ అత్తగారు ఏడ్చేశారని రాశావు. మెదడులో ఎడమవైపు స్ట్రోక్ వచ్చినవాళ్లలో ఇది తరచూ చూస్తాం. మాట కట్టే పని ఎక్కువగా ఎడమవైపు జరుగుతుంది. పాటకి కుడివైపు కూడా చెయ్యి వేస్తుంది. దీన్ని ఆసరా చేసుకునే 1973లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు మాటని పాటలా పలికించే ఒక పద్ధతి తయారుచేశారు. 2011లో తలకి తుపాకీ గుండు తగిలి మాట పోయిన అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌కి మాట తిరిగి రావడంలో మ్యూజిక్ థెరపీ సాయపడింది.

అయితే పాత పాట పాడగలగడం, మంచినీళ్లు అడగగలగడం ఒకటి కాదు. ఆ చరణం నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. మనం ఆయనకి రోజూ అవసరమయ్యే మాటని పాటలా కట్టాలి. స్పీచ్ థెరపిస్టుని అడిగి, ఇలా చెయ్యి. ఎదురుగా కూర్చుని ఆయన ఎడమ చెయ్యి నీ చేతిలోకి తీసుకో. "నీళ్లు కావాలి" అనేదాన్ని రెండే స్వరాల మీద, ఒకటి పైన ఒకటి కింద, సాగదీసి పాడు. నీ, ళ్లు, కా, వా, లి. అక్షరానికి ఒకసారి ఆ చేతిని బల్ల మీద మెల్లగా తట్టించు. మొదట నువ్వు ఊరికే కూనిరాగం తియ్యి, ఆయన వింటారు. తర్వాత ఇద్దరూ కలిసి మాటలతో పాడండి. తర్వాత మధ్యలో నీ గొంతు తగ్గించెయ్యి, ఆయన ఒక్కరే పూర్తి చెయ్యాలి. చివరికి "ఏం కావాలి మామయ్యగారూ?" అని మామూలుగా అడుగు. ఆ ప్రశ్నకి జవాబుగా వచ్చిన రోజున ఆ మాట ఆయనదైనట్టు. ఒక మాట కుదిరాకే రెండోది. అలిసిపోతే ఆపెయ్యి, చిరాకు పడుతున్నా ఆపెయ్యి. పెద్దాయన కదా, చిన్నపిల్లల పాటలు మాత్రం పాడించకు. ఆయనకి అవమానంగా ఉంటుంది.

నడకకి కూడా తాళం పనికొస్తుంది. ఫిజియోథెరపిస్టు పక్కన ఉన్నప్పుడే సుమా. నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టి, ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే సమంగా టిక్ టిక్ మంటూ తాళం వేసేది, సరిగ్గా అదే వేగంలో పెట్టి నడిపించమను. అడుగు సమంగా పడటం మొదలయ్యాక వేగం కొద్దిగా పెంచుతారు. చేతులు వణికి, నడక బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకీ ఇలాగే చేస్తాం.

మిగిలిన వేళల్లో ఆయన వయసులో ఉన్నప్పుడు ఇష్టపడ్డ పాటలు ఆయన్నే ఎంచుకోనివ్వు. ఫిన్లాండ్‌లో స్ట్రోక్ వచ్చినవాళ్లకి రెండు నెలల పాటు రోజూ కనీసం గంటసేపు ఇష్టమైన సంగీతం వినిపించారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. మాటలు గుర్తుపెట్టుకోవడం, ఏకాగ్రత మిగతావాళ్లకంటే మెరుగుపడ్డాయి, దిగులు తగ్గింది. అలాగని రోజంతా మోగిస్తే అది ఉత్త చప్పుడే. బాబుకి హెడ్‌ఫోన్స్ పెడితే సౌండ్ తక్కువే ఉంచు. పిల్లలకి 75 డెసిబెల్స్, వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

థెరపిస్టుని వెతికేటప్పుడు ఎక్కడ చదివారు, ఎవరి దగ్గర శిక్షణ పొందారు అని మొహమాటం లేకుండా అడుగు. మంచివాళ్లు మొదటిరోజే వాయిద్యం తియ్యరు, ముందు బాబుని గమనిస్తారు. ఫలానాది సాధిద్దాం అని ఒక లక్ష్యం చెబుతారు, ప్రతి సెషన్‌కీ నోట్స్ రాస్తారు, కుదరకపోతే పద్ధతి మారుస్తారు. పూర్తిగా నయం చేసేస్తాం అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చెయ్.

బాబుతో పాడేటప్పుడు ఫోన్ ఎక్కడైనా ఆనించి ఒక వీడియో తియ్యి. పాట ఆపాక వాడి చూపు ఎటు వెళ్తోందో చూడాలి నాకు. మామగారిది వాయిస్ రికార్డింగ్ చాలు, ఆయన గొంతు ఏ శ్రుతిలో హాయిగా పలుకుతోందో వింటే ఆ రెండు స్వరాలు ఎక్కడ పెట్టుకోవాలో చెబుతాను.

పెద్దమ్మ