కొలను సర్వీసు మానేయండి, కానీ ఆ మిగులు మీద అప్పు చేయకండి

ప్రశ్న: మా ఇంటి ఆవరణలో 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు ఉన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. ఐదేళ్లుగా ఒక సర్వీసు సంస్థ వారు వారానికొకసారి వచ్చి నీటిని చూసుకుంటున్నారు. మందుల ఖర్చు కూడా వారి నెల రుసుములోనే ఉంటుంది. ఆ రుసుమును 100 అనుకుంటే, నేనే మందులు కొని వేసుకుంటే 25తో సరిపోతుందని నా లెక్క. మిగిలే 75లో 70ని వాయిదాగా కట్టేలా 36 నెలల వ్యక్తిగత రుణం తీసుకుని, ఉప్పునీటి క్లోరినేటర్, రోబో క్లీనర్, వేగం మార్చుకునే కొత్త పంపు కొనాలనుకుంటున్నాను. పంపు ఒక్కదాని ధరే ఎనిమిది నెలల సర్వీసు రుసుముతో సమానం. బ్యాంకులో ఇంటి ఖర్చులకు మూడు వారాలు సరిపోయే డబ్బు ఉంది. అవసరం పడితే క్రెడిట్ కార్డు ఎలాగూ ఉంది. నా నిర్ణయం సరైనదేనా?

సమాధానం: మీరు ఒక్క నిర్ణయంగా చెప్పిన దానిలో నిజానికి రెండు ఉన్నాయి. నీటిని మీరే చూసుకోవాలనుకోవడం మొదటిది. దానివల్ల మిగులుతుందనుకుంటున్న డబ్బును, అది ఇంకా చేతికి రాకముందే, మూడేళ్లపాటు బ్యాంకుకు రాసి ఇవ్వడం రెండోది. మొదటిదానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. వారానికి రెండు మూడు గంటలు కేటాయించగలిగి, కొలతలను పుస్తకంలో రాసుకునే ఓపిక ఉన్నవారెవరైనా ఇంటి కొలను నీటిని శుభ్రంగా ఉంచుకోగలరు. రెండోది మాత్రం వద్దు. ఇన్ని ఉత్తరాల్లో మీదాన్ని ఎంచుకున్నది కూడా ఇందుకే. ఒక నెలవారీ ఖర్చు తగ్గబోతోందని తెలియగానే, తగ్గిందో లేదో చూసుకోకుండానే ఆ మొత్తానికి సరిపోయే వాయిదాను వెతుక్కోవడం నేను తరచుగా చూసే పొరపాటు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈ పద్ధతి.

ముందుగా మీరు వేసుకున్న 25 సంగతి చూద్దాం. మీ కొలను పరిమాణం 48 ఘనపు మీటర్లు, అంటే 48,000 లీటర్లు. అంత నీటిలో క్లోరిన్‌ను ఒక పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) పెంచాలంటే 48 గ్రాముల క్లోరిన్ కావాలి. ఎండ బాగా పడే కొలనులో, క్లోరిన్ ఎండకు త్వరగా విరిగిపోకుండా కాపాడే స్టెబిలైజర్ తగినంత ఉన్నా రోజుకు రెండు మూడు పీపీఎంల క్లోరిన్ ఖర్చవుతుంది. 65 శాతం బలమున్న కాల్షియం హైపోక్లోరైట్ పొడి వాడితే అది రోజుకు సుమారు 150 నుంచి 220 గ్రాములు, నెలకు నాలుగున్నర నుంచి ఆరున్నర కిలోలు. ఈ అంకెను మీరు కొనే ధరతో గుణించి చూసుకోండి, మీ 25 నిలుస్తుందేమో తెలుస్తుంది. నిలిచినా అది నీరు ప్రశాంతంగా ఉన్న నెల ఖర్చు మాత్రమే. పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) దించే ఆమ్లం, పరీక్షకు వాడే ద్రావణాలు, ఫిల్టర్‌ను వెనక్కి (నీటిని ఎదురు దిశలో పంపి) కడిగినప్పుడు పోయే నీరు, ఊరెళ్లి వచ్చేసరికి కొలను పచ్చబడితే దాన్ని మళ్లీ దారికి తెచ్చే ఖర్చు, ఇవేవీ ఆ 25లో లేవు. నాచు పట్టిన నీటిని శుభ్రం చేయడానికి క్లోరిన్‌ను మామూలు స్థాయికి ఎన్నో రెట్లు పెంచి, నీరు తేటపడేవరకు కొన్ని రోజులపాటు ఆ స్థాయిలోనే నిలపాలి. రెండు మూడు వారాలకు రావలసిన మందు ఆ కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఇంతకాలం ఆ నష్టం సర్వీసు సంస్థది, ఇకమీదట మీది.

సొంతంగా చూసుకునేవారిలో చాలామంది తెలియక చిక్కుకునే చోటు ఒకటుంది. శ్రమ తక్కువని, నెమ్మదిగా కరుగుతాయని ట్రైక్లోర్ బిళ్లల మీదే ఆధారపడతారు. ఆ బిళ్ల క్లోరిన్‌తోపాటు సయనూరిక్ ఆమ్లాన్ని, అంటే స్టెబిలైజర్‌ను కూడా నీటిలో వదులుతుంది. అది 10 పీపీఎంల క్లోరిన్ ఇచ్చిన ప్రతిసారీ స్టెబిలైజర్ దాదాపు 6 పీపీఎంలు పెరుగుతుంది. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది కానీ స్టెబిలైజర్ దాదాపుగా ఎక్కడికీ పోదు. రోజుకు 2 పీపీఎంల చొప్పున బిళ్లలతోనే నడిపితే నెలకు 36 పీపీఎంలు, మూడు నెలలకు 100 దాటి చేరుతుంది. ఉండవలసింది 30 నుంచి 50 మధ్య. స్టెబిలైజర్ 40 ఉన్నప్పుడు 3 పీపీఎంల క్లోరిన్ చేసే పనికి, స్టెబిలైజర్ 100కు చేరాక ఏడున్నర పీపీఎంలు కావాలి. పరీక్షలో క్లోరిన్ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, నీరు మాత్రం పచ్చబడుతుంది. అప్పుల లెక్కలు చూడడమే వృత్తిగా ఉన్న నాకు ఈ స్టెబిలైజర్ వడ్డీలాగే కనిపిస్తుంది: రోజూ కొంచెం చేరుతుంది, కంటికి కనిపించదు, తీర్చవలసి వచ్చిన రోజున ఒక్కసారిగా తీర్చమంటుంది. ఇక్కడ తీర్చడమంటే నీటిని మార్చడమే. 100 ఉన్నదాన్ని 50కి దించాలంటే సగం నీరు, మీ కొలనులో 24,000 లీటర్లు, బయటకు పోసి కొత్త నీరు నింపాలి. భూగర్భ జలం పైనే ఉన్న చోట కొలనును అజాగ్రత్తగా ఖాళీ చేస్తే కింది నుంచి నీటి ఒత్తిడి తొట్టినే పైకి లేపేసే ప్రమాదం ఉంది. అక్కడితో ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాబట్టి మీ మొదటి కొనుగోలు రోబో కాదు, చుక్కల ద్రావణాలతో కొలిచే మంచి పరీక్ష కిట్. రంగు మారే కాగితపు పట్టీలు స్టెబిలైజర్ విషయంలో నమ్మదగినవి కావు. క్లోరిన్, పీహెచ్ వారానికి రెండు మూడుసార్లయినా, ఆల్కలినిటీ (పీహెచ్ త్వరగా మారకుండా ఆపే క్షార గుణం) వారానికొకసారి, స్టెబిలైజర్, కాల్షియం గట్టితనం (నీటిలో కరిగిన కాల్షియం మోతాదు) నెలకొకసారి చూడాలి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, ఆల్కలినిటీ 80 నుంచి 120 పీపీఎంల మధ్య ఉండాలి. సిమెంటు ప్లాస్టరు కొలనైతే కాల్షియం 200 నుంచి 400 మధ్య ఉండాలి. పీహెచ్ బాగా పడిపోతే ఆ నీరు హీటర్‌లోని లోహాన్ని, గోడ ప్లాస్టరును తినేస్తుంది. పెరిగితే క్లోరిన్ బలహీనపడి, పైపుల్లో సున్నపు పొర పేరుకుంటుంది. ఫిల్టర్ విషయానికొస్తే, శుభ్రంగా ఉన్నప్పటి పీడనాన్ని రాసిపెట్టుకుని, అది 8 నుంచి 10 పీఎస్ఐ (పీడనపు కొలమానం) పెరిగినప్పుడు వెనక్కి కడిగితే చాలు. రోజూ కడగడం నీటిని పారబోయడమే. ఈ కిట్‌ను నగదుతో కొనండి. దీనికి కూడా అప్పు కావాలంటే సర్వీసు మానే సమయం ఇంకా రాలేదని అర్థం.

ఇక మీరు కొనాలనుకుంటున్న వస్తువులు. ఉప్పునీటి క్లోరినేటర్ అంటే క్లోరిన్ అక్కరలేని కొలను అని కొందరు అనుకుంటారు. అది ఉప్పు నుంచే క్లోరిన్‌ను తయారుచేస్తుంది, కాబట్టి పరీక్షలు ఏ మాత్రం తగ్గవు. పైగా పీహెచ్ త్వరగా పెరుగుతుంటుంది కాబట్టి ఆమ్లం ఖర్చు పెరుగుతుంది. మీ నీటికి మొదట్లో సుమారు 150 కిలోల ఉప్పు పడుతుంది. అందులో క్లోరిన్ తయారయ్యే భాగమైన సెల్ మూడు నుంచి ఏడేళ్లలో అరిగిపోతుంది. మీ రుణం మూడేళ్లు. చివరి వాయిదా కట్టే నెలలోనే కొత్త సెల్ కొనవలసి రావడం అసాధ్యమేమీ కాదు. రోబో సౌకర్యమే తప్ప అవసరం కాదు. మీరు చెప్పిన మూడింటిలో తన ఖర్చును తాను రాబట్టుకోగలిగింది పంపు ఒక్కటే. మోటారు వేగాన్ని సగానికి తగ్గిస్తే అది లాగే విద్యుత్తు సూత్రప్రాయంగా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపినా నాలుగో వంతే. వాస్తవంలో ఇంత మిగలకపోయినా, మిగిలేది గణనీయంగానే ఉంటుంది. అయినా దాన్ని ఇప్పుడున్న పంపు చెడిపోయిన రోజున, సిద్ధంగా ఉన్న డబ్బుతో కొనాలి.

ఆ సిద్ధంగా ఉన్న డబ్బే మీ దగ్గర లేదు. మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆందోళన పెట్టింది కొలను కాదు, మూడు వారాల ఖర్చుకు సరిపోయే ఆ బ్యాంకు నిల్వ. కొలను ఉన్న ఇంటికి కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా ఉండాలని నేను పట్టుబడతాను. ఆదాయం ఆగినంత మాత్రాన కొలను మందులు తినడం మానదు, పంపును ఆపేస్తే పది రోజుల్లో నీరు పాడవుతుంది, దాన్ని బాగుచేయడానికి అప్పుడు ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. ఇంట్లో మిగతా ఖర్చులను కష్టకాలంలో కొంతైనా కుదించుకోవచ్చు, దీన్ని మాత్రం కుదించలేరు. అందుకే ఈ ఆరు నెలల నిధికి తోడు కొలనుకంటూ వేరే ఖాతాలో మరో చిన్న నిధి ఉండాలి. అందులో ఎంత ఉండాలన్నది తేలికైన లెక్కే: కొలను పరికరాల్లో అన్నిటికంటే ఖరీదైన ఒక్క వస్తువు ధర. మీ విషయంలో అది పంపు అనుకుంటే 800, అంటే ఎనిమిది నెలల రుసుము. హీటర్ ఉంటే దాని ధర కూడా కనుక్కుని, రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

మీ మిగులును 75గా కాక 50గానే అనుకోండి. మందులు, ద్రావణాలు, ఆమ్లం, అప్పుడప్పుడూ పచ్చబడే నీటి ఖర్చు, అన్నీ కలిపి మొదటి ఏడాది 50 దాకా పోవచ్చని ముందే ఒప్పుకోవడం మేలు. ఎందుకంటే నేర్చుకునేటప్పుడు ఎవరైనా మందు ఎక్కువే పోస్తారు. నెలకు 50 చొప్పున వేస్తే 800 చేరడానికి 16 నెలలు పడుతుంది. ఆ 16 నెలలూ ఈ 50 కొలను నిధికే వెళ్లాలి, ఇంటి అత్యవసర నిధికి మీ జీతం నుంచి వేరుగా పొదుపు చేయాలి. రెండింటినీ ఒకే ఖాతాలో కలిపితే పంపు కాలిన నెలలో పిల్లల ఫీజు డబ్బు పంపులోకి పోతుంది. మీ పథకంలో నెలకు మిగిలేది 5. మందుల ఖర్చు 25 నుంచి 30 దాటిన నెలలోనే మీరు వాయిదాకు చేతి డబ్బు వేసుకోవలసి వస్తుంది. ఆ చేతి డబ్బు మూడు వారాలది.

క్రెడిట్ కార్డు ఎలాగూ ఉందన్నారు. కార్డు అత్యవసర నిధి కాదు. నిధి లేని రోజున దొరికే చాలా ఖరీదైన అప్పు అది. పంపు కాలిపోతే కార్డు మీద కొని, కనీస మొత్తం మాత్రమే కడుతూ, ఒకపక్క వ్యక్తిగత రుణం వాయిదా కూడా కట్టే పరిస్థితి గురించి ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. ఇలా రెండు అప్పుల మధ్య నలిగిన కుటుంబాల లెక్కలను సరిచేయడానికి నాకు ఏళ్లు పట్టిన సందర్భాలున్నాయి. వాటిలో చాలావాటికి మూలం ఏ పెద్ద ఆపదా కాదు, ఇలాంటి ఒక సౌకర్యపు కొనుగోలే. ఈత కొట్టడానికి అప్పు తీసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

బీమా సంగతి కూడా చూసుకోండి. ఇంటి పాలసీలో కొలను ఉన్నట్టు తెలియజేశారా, మీ ఆవరణలో ఇతరులకు ప్రమాదం జరిగితే బాధ్యతా కవరేజీ ఎంత ఉంది అన్నవి సర్వీసు ఒప్పందం రద్దు చేసే ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. వారి పని వల్ల జరిగే పొరపాట్లకు ఇంతవరకు వారు బాధ్యులు కావచ్చు, ఇకమీదట మందుల నిల్వ నుంచి నీటి నాణ్యత దాకా అంతా మీ మీదే. ట్రైక్లోర్‌ను, కాల్షియం హైపోక్లోరైట్‌ను ఒకే డబ్బాలోగానీ ఒకే ఫ్లోటర్‌లోగానీ (నీటిపై తేలుతూ మందు వదిలే డబ్బా) కలపకూడదు, పేలుడు జరగవచ్చు. ఆమ్లాన్ని క్లోరిన్ మందులకు దూరంగా ఉంచి, ఎప్పుడూ నీటిలోకే ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలోకి నీటిని కాదు. నాలుగు వైపులా కంచె, తనంతట తానే మూసుకునే గేటు, అడుగున నీరు బయటకు వెళ్లే రంధ్రానికి చెక్కుచెదరని జల్లెడ మూత లేకపోతే ముందు వాటికే ఖర్చు పెట్టండి.

సర్వీసును పూర్తిగా మానకుండా నెలకొకసారి పరీక్షకు మాత్రమే రమ్మని అడగడం, ఆవిరి నష్టాన్ని తగ్గించే కవరు వేసుకోవడం కూడా మార్గాలే. కావాలంటే ఆలోచించండి.

రుణపత్రాల మీద మీరు ఇంకా సంతకం చేయకపోతే ఆ దరఖాస్తును ఈ వారమే వెనక్కి తీసుకోండి. పరీక్ష కిట్ కొని, సర్వీసు వారు వస్తున్నప్పుడే మూడు నెలలపాటు మీరు కూడా కొలతలు తీసి వారివాటి పక్కన రాసుకోండి. రెండు వరుసలూ సరిపోవడం మొదలయ్యాక ఒప్పందం ఆపండి. ఆ నెల నుంచే 50 కొత్త ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకుకు స్థిర ఆదేశం ఇవ్వండి. 16 నెలల తర్వాత, ఆ ఖాతాలో 800 ఉండి, ఇంటి నిధి కూడా ఆరు నెలలకు చేరి, అప్పటికీ రోబో కావాలనిపిస్తే నాకు మళ్లీ రాయండి.