పెద్దల ముందు రాసుకున్న కాగితంతో విడాకులు అయిపోయినట్టేనా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. హిందువులం. పెళ్లయి పదేళ్లు, ఏడేళ్ల పాప ఉంది. రెండేళ్ల కిందట కులపెద్దలు పంచాయితీ పెట్టి, వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడాకులు రాయించారు. మూడు లక్షలు ఇచ్చి, ఇకపై భరణం అడగనని నాతో సంతకం పెట్టించారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని గాజువాకలో ఇల్లు కట్టారు. నేను మిషన్ కుడుతూ బతుకుతున్నాను. విడాకులయ్యాయి కదా, ఆస్తిలో సగం నాకు రాదా? ఆ కాగితం చించేసి, అసలు లేదని చెప్పమని మా అన్నయ్య అంటున్నాడు.

జవాబు: నాలుగు పేజీల మీ ఉత్తరంలో మీ అత్తగారి మాటలకే రెండున్నర పేజీలు పోయాయమ్మా. వాటితో కేసు తేలదు. తేల్చేది ఒకటే: కోర్టు డిక్రీ, అంటే విడాకులిచ్చినట్టు కోర్టు తీర్పు ఉందా? లేదు. అంటే చట్టం లెక్కలో మీరింకా ఆయన భార్యే. పెద్దలు విడదీసే ఆచారం మీ కులంలో తరతరాలుగా ఉందని రుజువైతే హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఆ రుజువు భారం ఆచారం ఉందనే వాళ్లదే. మారుమనువులు మా కులంలో మామూలే అంటే సరిపోదు.

ఇక సగం మాట. విడాకులైతే ఆస్తి చెరిసగం చేసే చట్టం హిందువులకు లేదు. గాజువాక ఇల్లు ఆయన సంపాదనతో, ఆయన పేరున కట్టిందైతే అందులో మీకు వాటా రాదు. కానీ ఆ ఇల్లు ఆయన స్తోమతకు సాక్ష్యం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీయించి పెట్టుకోండి.

మీ బలం భరణం. దాన్ని ఇప్పించే ఒకప్పటి సీఆర్‌పీసీ (నేర విచారణ చట్టం) 125 సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 సెక్షన్ అయింది. మీరున్న చోటే పిటిషన్ వేయొచ్చు, విశాఖ తిరగక్కర్లేదు. పాప భరణం వేరుగా అడగండి. మీ సంతకంతో పాప హక్కు పోదు, భరణం అడగనని రాసినంత మాత్రాన మీదీ పోదు. ఆ మూడు లక్షలు మాత్రం కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు.

ఆయన వకీలు ఏమంటాడో ఇప్పుడే చెబుతాను. 'ఇద్దరూ ఇష్టపడి వేరుగా ఉంటున్నారు, భరణం రాదు' అంటాడు. ఆ సెక్షన్లో నిజంగానే అలా ఉంది. అయితే భార్య ఉండగా భర్త మరొకరిని చేసుకుంటే, వేరుగా ఉండటానికి అదే న్యాయమైన కారణం. కాదు, ఆచారం ప్రకారం విడాకులైపోయాయి అంటారా, విడాకులైన భార్య కూడా మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు భరణానికి అర్హురాలే. ఆయన రెండు పడవల మీద కాళ్లు పెట్టలేరు.

కాగితం చించమన్న సలహా వినకండి. పెద్దల దగ్గర ఇంకో ప్రతి ఉంటుంది. అది కోర్టులోకి వచ్చిన రోజు మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. పైగా మీరు పంపిన జిరాక్సులో ఏడో వరుస చదివారా? 'ఆరు తులముల బంగారము, యినుప బీరువా తదుపరి అప్పజెప్పగలవాడను' అని ఆయన సంతకంతో ఉంది. మీ బంగారానికి రసీదుల్లేవన్నారు. ఉన్న సాక్ష్యం అదొక్కటే, దాన్నే పొయ్యిలో వేయమంటున్నాడు మీ అన్నయ్య! వెనక ముద్ర చూడండి, స్టాంపు మీ ఆయన పేరున పంచాయితీకి నాలుగు రోజుల ముందే కొన్నారు. అంతా అప్పటికప్పుడు ఒప్పుకున్నదే అని వాళ్లంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చదవకుండా సంతకం పెట్టడం ఒక తప్పు, రెండేళ్లు కదలకపోవడం ఇంకో తప్పు. భరణం మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇస్తారు కాబట్టి ఆ రెండేళ్ల డబ్బు ఇక రానట్టే.

బంగారానికీ గడువుంది. అడిగాక ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. నిరుడు దసరాకి మీ అన్నయ్య ఫోన్ చేస్తే 'ఏం చేసుకుంటారో చేసుకోండి' అన్నారని రాశారు. ఆ రోజు నుంచే గడియారం మొదలైందనుకుని నడవండి. వకీలు నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

మిషన్ ఆదాయం దాచకండి. 2020లో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ వేయాలి. జాకెట్లు కుట్టినందుకు మీ ఫోన్‌పేకి వచ్చే డబ్బులు బ్యాంకు స్టేట్‌మెంట్లో కనిపిస్తూనే ఉంటాయి. కొద్దిపాటి సంపాదన ఉన్నంత మాత్రాన భరణం పోదు, అబద్ధం చెబితే చిక్కు.

రెండో పెళ్లి మీద కేసు తర్వాత చూద్దాం. దండలేసుకున్న ఫొటో చాలదు, పెళ్లి తంతు జరిగిందని రుజువు చేయాలి.

ఫీజు టెన్షన్ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100, లేదా శ్రీకాకుళం జిల్లా కోర్టుకే వెళ్లండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు పట్టుకెళ్లండి. పెళ్లి ఫొటో, పాప బర్త్ సర్టిఫికెట్, బ్యాంకు పాసు పుస్తకం కూడా తీసుకెళ్లండి. ఆర్డరు వచ్చాక ఆయన ఏ నెలైనా ఎగ్గొడితే, ఆ బాకీకి ఏడాదిలోపే వసూలు పిటిషన్ వేయాలి. ఈసారి ఆ ఏడాది దాటనివ్వకండి.