పాత మజిల్ కారు ఫ్యాక్టరీలో పుట్టిందా, షెడ్డులో పుట్టిందా? కాగితాలతో ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: డాలస్‌లో ఒకాయన 1965 పాంటియాక్ జీటీవో, అంటే అప్పటి పెద్ద ఇంజన్ మజిల్ కారు ఒకటి, అమ్ముతున్నాడు, "నంబర్స్ మ్యాచింగ్, పక్కా ఒరిజినల్" (అంటే ఇంజన్ ఫ్యాక్టరీలో పెట్టిందే) అంటున్నాడు, రేటు చూస్తే గుండె ఆగుతోంది, అతని మాట నమ్మాలా లేక అప్పటి ఫ్యాక్టరీ కాగితాలు ఏమైనా దొరుకుతాయా, దొరికితే అదే పద్ధతి ఫోర్డ్ ముస్టాంగ్‌కీ షెవర్లే కమారోకీ కూడా పనికొస్తుందా అని. కాగితాలు దొరుకుతాయండీ, కానీ అన్నిటికీ ఒకే పద్ధతి కుదరదు. ఏ కంపెనీ రికార్డులు దాచింది, ఏ కంపెనీ పారేసింది అన్నదాని మీదే అంతా ఉంటుంది. మీరు చూస్తున్నది పాంటియాక్ కావడం మాత్రం మీ అదృష్టం, ఎందుకో చెప్తా.

నేను ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ట్రాయ్ వైపు. కార్ల పార్టులు చేసే కంపెనీలో ఉద్యోగం. ఇక్కడ ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అని జరుగుద్ది, రోడ్డు పొడవునా పాత బండ్లే, అది చూశాక ఈ పిచ్చి పట్టింది. కొనేంత స్తోమత లేదు గానీ కొనేవాళ్ల పక్కన నిలబడి కాగితాలు చదవడం మాత్రం బాగా అలవాటైంది.

ముందు ఒక విషయం. మన ఊళ్లో ఆర్సీ తీస్తే చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండూ కనిపిస్తాయి, ఇంజన్ మార్చితే ఆర్టీవో ఆఫీసుకి చెప్పాలి. అమెరికాలో ఓనర్ చేతిలో ఉండే టైటిల్ మీద విన్ నంబర్ (మన చాసిస్ నంబర్ లాంటిది) ఉంటుంది గానీ ఇంజన్ నంబర్ ఊసు ఉండదు. కాబట్టి "టైటిల్ క్లీన్‌గా ఉంది" అంటే ఆ బండిని ప్రమాదంలోనో వరదలోనో పోయిందని తుక్కు కింద రాసేయలేదని అర్థం, అంతే. లోపలున్న ఇంజన్ 1965లో ఎక్కిందా మొన్న ఎక్కిందా అన్నది ఆ కాగితానికి తెలీదు.

ఇక జీటీవో సంగతి. అప్పట్లో పాంటియాక్, షెవర్లే రెండిటికీ పై కంపెనీ అయిన జనరల్ మోటార్స్ (జీఎమ్)లో ఒక రూల్ ఉండేది, మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ ఇంచుల కంటే పెద్ద ఇంజన్ పెట్టకూడదు అని. పాంటియాక్‌లో చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయన టీమూ కలిసి ఆ రూల్‌కి సందు కనిపెట్టారు. జీటీవో అని కొత్త మోడల్ పెడితే పైవాళ్ల అనుమతి కావాలి, అదే లెమాన్స్ అనే మామూలు కారుకి 389 ఇంజన్‌ని ఆప్షన్‌గా పెడితే అడిగేవాడు లేడు. సుమారు 295 డాలర్ల ఆప్షన్. 1964లో అలా 32,450 కార్లు అమ్ముడుపోయాయి. ఇప్పుడు మీ తలనొప్పి అక్కడి నుంచే మొదలైంది, ఎందుకంటే అది ఆప్షన్ కాబట్టి విన్ నంబర్‌లో దాని గుర్తే లేదు. 1964, 1965 రెండేళ్లూ ఇదే కథ. 1965లో లెమాన్స్ వీ8 అయినా జీటీవో అయినా నంబర్ 237తోనే మొదలవుద్ది. 1966లో జీటీవో సొంత మోడల్ అయింది, అప్పట్నుంచి 242. అంటే 1966 జీటీవోని నంబర్ చూసి గుర్తుపట్టొచ్చు, 1965ది పట్టలేం. 389 ఇంజన్ పాంటియాక్ పెద్ద కార్లలో బోలెడన్నిటికి వచ్చింది, అలాంటి ఒక కాటలీనా తుక్కులోంచి పీకి లెమాన్స్‌లో దింపి, హుడ్డూ (బానెట్) గ్రిల్లూ బ్యాడ్జీలూ మారిస్తే చూడ్డానికి జీటీవోనే. యాభై ఏళ్లుగా జనం చేస్తున్న పని ఇది.

దీనికి మందు పీహెచ్‌ఎస్, అంటే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్. పాంటియాక్ డీలర్లకి పంపిన ఇన్‌వాయిస్‌ల రికార్డులు మైక్రోఫిల్మ్ మీద బతికి ఉన్నాయి, వీళ్లకి విన్ పంపి ఫీజు కడితే మీ కారు తాలూకు కాపీ ఇస్తారు. అందులో కారు ఏ డీలర్‌కి వెళ్లింది, రంగు, ఏ ఆప్షన్లు, ఒక్కోదాని ధర, అన్నీ ఉంటాయి. జీటీవో ఆప్షన్ ఆ లిస్టులో ఉందా, ఉంది. లేదా, లేదు. ట్రై-పవర్ అని మూడు కార్బరేటర్ల సెటప్ చూపించి రేటు పెంచేవాళ్లు చాలామంది, 1965లో 360 హార్స్‌పవర్‌ది అదే, అది కూడా అందులో తేలిపోద్ది. అమ్మేవాడు "నా దగ్గర పీహెచ్‌ఎస్ కాగితం ఉంది" అని చూపించినా సరే, మీరు మళ్లీ సొంతంగా తెప్పించుకోండి. జిరాక్స్ మీద ఒక లైను కలపడం ఎంతసేపు.

ఫోర్డ్ వాళ్లది ఇంకా సుఖం. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ ప్రొడక్షన్ డేటాబేస్ భద్రంగా ఉంది, దాన్ని కెవిన్ మార్టీ అనే ఆయన లైసెన్స్ తీసుకుని కారు వారీ రిపోర్ట్ ఇస్తాడు, అందుకే ముస్టాంగ్ వాళ్లంతా "మార్టీ రిపోర్ట్ ఉందా" అని మొదటి మాటగా అడుగుతారు. ఫోర్డ్ విన్‌లో ఇంజన్‌కి ఒక అక్షరం కూడా ఉంటుంది, 1969 ముస్టాంగ్‌లో జెడ్ అంటే బాస్ 429 అనే ఇంజన్, జీ అంటే బాస్ 302. 1966, అంతకు ముందువైతే ఈ రిపోర్ట్ రాదు.

క్రైస్లర్ దగ్గరికొస్తే తమాషా. 1967 మోడల్ దాకా కారు కారుకీ బిల్డ్ కార్డులు కంపెనీ దగ్గర ఉన్నాయి. సరిగ్గా జనానికి కావాల్సిన కాలం, అదే 1968 నుంచి రోడ్ రన్నర్లూ, ఛాలెంజర్లూ, హెమీ అనే పెద్ద ఇంజన్ పెట్టిన 'కూడా' అనే కార్లూ వచ్చిన కాలం, అప్పటివి కంపెనీ దగ్గర లేవు. కాబట్టి కాగితం కోసం కారునే వెతుక్కోవాలి. అసెంబ్లీ లైన్ మీద కారుతో పాటు బ్రాడ్‌కాస్ట్ షీట్ అని ఒకటి నడిచేది, అంతా గళ్లు గళ్లుగా కోడ్‌లు, యాక్సిల్ బిగించేవాడు తన గడి చూసుకుంటాడు, సీటు పెట్టేవాడు తన గడి చూసుకుంటాడు, పనయ్యాక దాన్ని దాచాలని ఎవరికీ ఉండదు, సీటు స్ప్రింగుల్లోనో కార్పెట్ కిందో పెట్రోల్ ట్యాంక్ పైనో వదిలేసేవాళ్లు.

మా పక్కింటి పెద్దాయనకి 1970 ప్లిమత్ రోడ్ రన్నర్ (క్రైస్లర్ వాళ్లదే) ఉంది, నల్లది. వెనక సీటు పీకుదాం పట్టు అన్నాడు ఒక ఆదివారం. సీటు ముందు అంచుని మోకాలితో వెనక్కి నొక్కి పైకి లేపితే క్లిప్పులోంచి ఊడొస్తుంది, తిరగేసి చూస్తే స్ప్రింగుల మధ్య దూది అంతా ఎలకలు కొట్టేశాయి, పల్లీ పొట్టు, తుప్పు పొడి, దాని మధ్యలో నాలుగు మడతలు పెట్టిన గోధుమ రంగు కాగితం తీగకి అతుక్కుని ఉంది. ఊపిరి బిగబట్టుకుని ప్లాస్టిక్ గరిటెతో మెల్లగా ఊడదీశాం. మూల ఒకటి పోయింది గానీ విన్ ఉండే గడి బతికింది. ఆర్‌ఎమ్23ఎన్0... ఆయన కారు నంబర్ మొదలయ్యేదీ అలాగే, పెద్దాయన మొహం వెలిగిపోయింది. చివరి అంకెలు చూస్తే కలవలేదు. పైగా లోపలి సీట్ల కోడ్ ఆకుపచ్చది, ఆయనవి నల్లవి. వేరే వాళ్ల కారు షీటు! ఇది అరుదేం కాదు, లైన్ మీద వెనకా ముందూ వచ్చే కార్ల షీట్లు తారుమారు అవడం మామూలే, అందుకే ఓనర్ల గ్రూపుల్లో "ఫలానా నంబర్ షీటు నా దగ్గర ఉంది, కారు ఎవరిది" అని పోస్టులు కనిపిస్తుంటాయి. ఆయన కూడా పెట్టాడు, ఇంకా ఎవరూ రాలేదు.

మరి ఆయన కారు అసలుదని ఎలా తెలిసింది అంటే ఫెండర్ ట్యాగ్. హుడ్ ఎత్తితే డ్రైవర్ వైపు లోపలి ఫెండర్ (మడ్‌గార్డ్) మీద చిన్న రేకు, దాన్ని కింది లైను నుంచి పైకి చదవాలి, ఎడమ నుంచి కుడికి. కింద ఈ63 అని ఉంటే 383 ఫోర్ బ్యారెల్ ఇంజన్, డీ21 అంటే ఫోర్ స్పీడ్ గేరు, ఈ74 ఉంటే హెమీ, అప్పుడు మీరు కుర్చీ వెతుక్కోవాలి. విన్‌లో ఐదో అక్షరం ఇంజన్‌ది, ఎన్ అంటే 383, ఆర్ అంటే 426 హెమీ. ట్యాగూ, విన్నూ, ఇంజన్ బ్లాక్ మీద కొట్టిన విన్ చివరి అంకెలూ మూడూ ఒకే మాట చెప్పాలి. ఆయన కారుకి చెప్పాయి. 1971లో హెమీ ఇంజన్ ఉన్న 'కూడా' కన్వర్టిబుల్ కార్లు మొత్తం 11 మాత్రమే చేశారు, 2014లో వాటిలో ఒకటి 35 లక్షల డాలర్లకి వేలంలో పోయింది, అలాంటి చోట రేకు ముక్క విలువ ఎంతో ఊహించుకోండి.

అన్నిటికన్నా కష్టం షెవర్లే. నిజానికి జనం ఎక్కువగా మోసపోయేదీ ఇక్కడే. 1969 కమారో విన్ 12437 అని మొదలైతే వీ8 ఉన్న కూపే అని అర్థం, అంతకు మించి ఏమీ లేదు, నీరసమైన 307 ఇంజన్‌దీ జెడ్28 అనే రేసు తరహా కమారోదీ రెండూ అదే. అమెరికాలో అమ్మిన అప్పటి షెవర్లేలకి కారు వారీ రికార్డు కంపెనీ ఇవ్వదు, జీఎమ్ హెరిటేజ్ సైట్‌లో ఉచితంగా దొరికే కిట్ ఆ మోడల్ మొత్తానికి సంబంధించిన సమాచారమే, మీ కారుది కాదు. కెనడాలో కొత్తగా అమ్ముడైన కారైతే మాత్రం జీఎమ్ కెనడా దగ్గర కారు వారీ కాగితం దొరుకుద్ది. అందుకే కెనడా షెవర్లే అంటే కలెక్టర్లు చెవులు రిక్కిస్తారు. మిగతావాళ్లకి దిక్కు ట్యాంక్ మీద దొరికే బిల్డ్ షీట్, కొత్తలో అంటించిన విండో స్టిక్కర్, డీలర్ ఇన్‌వాయిస్, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే వారంటీ రేకు. ఆ రేకు మీద ఇంజన్ కోడ్ ఉంటుంది కాబట్టి దానికి మంచి విలువ.

షెవర్లేలో కోపో అని ఇంకో మెలిక ఉంది, సెంట్రల్ ఆఫీస్ ప్రొడక్షన్ ఆర్డర్, అంటే మామూలు లిస్టులో లేని బండిని ప్రత్యేకంగా ఆర్డర్ పెట్టి చేయించుకోవడం. మళ్లీ రూల్‌ని దాటడమే, ఈసారి 400 క్యూబిక్ ఇంచుల రూల్. ఇలినాయ్‌లో లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలర్ 1969లో అల్యూమినియం 427 ఇంజన్ పెట్టిన కమారోలు 50 ఆర్డర్ చేశాడు, జెడ్ఎల్1 అంటారు, మొత్తం 69 తయారయ్యాయి. ఒక్క ఇంజన్ ఆప్షనే 4,000 డాలర్ల పైన, బండి 7,200 దాటింది, ఆ రోజుల్లో ఎవడు కొంటాడు, చాలా కార్లు డీలర్ దగ్గరే కూర్చున్నాయి. బయట ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) బ్యాడ్జీ కూడా లేని ఆ కారుని కాగితం లేకుండా రుజువు చేయమంటే ఎవరి తరం?

కాగితం లేనప్పుడు తేదీలు చూస్తాం. బ్లాక్ పోతపోసిన తేదీ దాని మీదే ఉంటుంది, కారు తయారీ తేదీ కంటే ముందుండాలి, అలాగని ఏడాది ముందు కాదు. ఒక జాగ్రత్త, ఆ తేదీలో నెలని అక్షరంతో రాస్తారు, షెవర్లేలో కే అంటే నవంబర్, ఫోర్డ్ వాళ్లు ఐ అక్షరాన్ని వదిలేస్తారు కాబట్టి అక్కడ కే అంటే అక్టోబర్. 1969 జెడ్28 302 ఇంజన్ అయితే బ్లాక్ ముందు వైపు ప్యాడ్ అనే చదునైన చోటు మీద డీజెడ్ అని ఉండాలి, దాని పక్కన గానీ ఆయిల్ ఫిల్టర్ దగ్గర గానీ విన్ చివరి భాగం. ప్యాడ్ మీద ఫ్యాక్టరీ మెషిన్ వదిలిన సన్నటి నిలువు గీతలుంటాయి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. గీతల్లేకుండా నున్నగా మెరుస్తూ అంకెలు మాత్రం కొత్తగా ఉంటే ఎవరో అరగదీసి మళ్లీ కొట్టారన్నమాట. ఫెండర్ ట్యాగులు, ప్రొటెక్ట్-ఓ-ప్లేట్లు, బిల్డ్ షీట్లు అన్నీ కొత్తవి చేసి అమ్మేవాళ్లున్నారు, టీ డికాక్షన్‌లో ముంచి పాతబడ్డట్టు చేసిన షీటు నేనే ఒక స్వాప్ మీట్‌లో (పాత పార్టుల సంతలో) చూశా, మడత దగ్గర చిరగకుండా మధ్యలో మాత్రం మరకలు, ఎలక కొట్టిన చోటు కూడా కత్తెరతో కత్తిరించినట్టుంది.

కొనడానికి కాకుండా చరిత్ర కోసమే చదవాలనుకునేవాళ్లకి: డియర్‌బోర్న్‌లో బెన్సన్ ఫోర్డ్ రీసెర్చ్ సెంటర్, డెట్రాయిట్ పబ్లిక్ లైబ్రరీలో నేషనల్ ఆటోమోటివ్ హిస్టరీ కలెక్షన్, ఇంట్లో కూర్చుని అయితే 2022లో మొదలైన ఫోర్డ్ హెరిటేజ్ వాల్ట్, పాత బ్రోషర్లన్నీ ఉచితం. కానీ బ్రోషర్ అంటే కంపెనీ ఏం అమ్ముతానన్నదో చెప్పేది, మీ కారు ఎలా తయారైందో కాదు. అమ్మేవాళ్లు రెండిటినీ కలిపేసి ఫైలు లావు చేస్తారు, లావు చూసి పడిపోవద్దు.

మీ డాలస్ కారుకి అయితే ఇలా చేయండి. ఇప్పుడే ఫ్లైట్ బుక్ చేయకండి. విన్ ప్లేట్ ఫోటో అడగండి, 1965 కాబట్టి డ్యాష్‌బోర్డ్ మీద ఉండదు, డ్రైవర్ డోర్ తీస్తే కీళ్లుండే పిల్లర్ మీద ఉంటుంది, చుట్టూ పెయింట్ గీరినట్టు గానీ కొత్త వెల్డింగ్ గానీ ఉందేమో దగ్గరగా తీసి పంపమనండి. పీహెచ్‌ఎస్ కాగితం విన్ గురించి చెప్తుంది, ఆ విన్ ప్లేట్ ఆ బాడీదేనా అన్నది మాత్రం ఎవరో కళ్లతో చూడాల్సిందే. నంబర్ వచ్చాక పీహెచ్‌ఎస్‌కి పంపండి, అందులో జీటీవో ఆప్షన్, రంగు, గేరు కలిస్తే అప్పుడు ఎవరైనా పాంటియాక్ తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఫోటో పంపడానికే అతను నసిగితే ఆ బండి వదిలేయండి, 1965లో జీటీవోలు 75,352 చేశారు, ఇంకోటి దొరుకుద్ది.