చిన్న మిల్లులో కంట్రోల్ చార్టు దేనికి పనికి వచ్చింది?

యాభై మంది కూడా పనిచేయని చిన్న పరిశ్రమలో గణాంక పద్ధతులతో నాణ్యత పెంచడం సాధ్యమేనా, అందుకు సిక్స్ సిగ్మా (తయారీలో తేడాలను గణాంకాలతో తగ్గించే పద్ధతి) కోర్సు చేయాలా అని అడిగారు. సాధ్యమే, కోర్సు అక్కరలేదు. కొలతల సగటును చుక్కలుగా పెట్టి, మామూలు తేడాకు హద్దులు గీసి చూపే కంట్రోల్ చార్టు చాలు. నెల్లూరు శివార్లలోని ఒక బియ్యం మిల్లులో పదకొండేళ్లుగా నాణ్యత పని చూస్తున్న నాకు ఈ విషయంలో సందేహం లేదు.

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే లేబుల్ వేసిన బియ్యం సంచులపై 5 శాతం జీఎస్టీ వచ్చినప్పుడు, చాలా మిల్లుల మాదిరిగానే మేమూ 26 కిలోల బస్తాకు మారాము. కొత్త తూకానికి ప్యాకింగ్ యంత్రం కుదురుకోకముందే, ఒక దుకాణదారు రెండు బస్తాలలో బియ్యం తగ్గాయని ఫిర్యాదు చేశాడు. యజమాని సెట్టింగును 26.200 కిలోలకు పెంచమని, ప్రతి బస్తానూ కాటా మీద పెట్టి చూసి, తేడా కనబడితే అప్పటికప్పుడు సరిచేయమని ఆపరేటరుకు చెప్పారు. అతను నిజాయితీ గల మనిషి. 40 గ్రాములు తగ్గితే 40 పెంచేవాడు. తరువాతి బస్తాలో 50 ఎక్కువైతే 50 తగ్గించేవాడు. రోజంతా అతని చేయి బటన్ల మీదే ఉండేది, అయినా తూకం కుదురుకోలేదు.

నేను రెండు రోజులు అతని పక్కనే నిలబడి, అరగంటకొకసారి వరుసగా ఐదు బస్తాల బరువు రాసుకున్నాను. ఆ ఐదింటిలో అన్నిటికన్నా బరువైనదానికీ తేలికైనదానికీ మధ్య తేడా సగటున 100 గ్రాములు వచ్చింది. మూడో రోజు సెట్టింగును అసలు ముట్టుకోవద్దన్నాను. "చూస్తా చూస్తా తక్కువ బస్తా ఎట్ట పంపించేది సార్?" అని అతను బాధపడ్డాడు. 26.200 దగ్గర ఉన్నంతవరకు కొన్నవారికి నష్టం జరగదని నచ్చజెప్పాను. ఆ రోజు సగటు తేడా 70 గ్రాములకు దిగింది. యంత్రం అదే, బియ్యం అవే, మనిషి కూడా అతనే.

బస్తాలోకి బియ్యం వదిలే యంత్రం తలుపు మూసుకునే క్షణంలో ఇంకా గాలిలో ఉన్న గింజలు ఒకసారి కాస్త ఎక్కువగా, ఒకసారి తక్కువగా పడతాయి. అది ఆ యంత్రానికి సహజమైన ఊగిసలాట. దానిని తప్పుగా భావించి ప్రతిసారీ పూర్తిగా సరిదిద్దితే, ముందు బస్తాలోని తేడా వెనుక బస్తా మీదికి కూడా చేరి, చెదురుదల సుమారు 1.41 రెట్లు అవుతుంది. అమెరికన్ నాణ్యత నిపుణుడు డెమింగ్ గరాటుతోనూ గోళీలతోనూ చూపించినది ఇదే, మా 70, 100 గ్రాముల లెక్క కూడా ఇదే.

తరువాత ఐదేసి బస్తాల పాతిక జట్ల కొలతలు తీసుకుని, ఒక్కొక్క జట్టు సగటును చార్టుపై ఒక చుక్కగా పెట్టి, 70ని 0.577తో (ఐదేసి కొలతల జట్లకు వాడే స్థిర సంఖ్య) గుణించి, సగటు గీతకు పైన, కింద 40 గ్రాముల దూరంలో హద్దులు గీశాను. విడి బస్తా 90 గ్రాములకు మించి అటూ ఇటూ పోవడం అరుదని తేలింది కనుక సెట్టింగును ధైర్యంగా 26.100కు దించాము. రోజుకు 2,000 బస్తాలు కట్టే మాకు 200 కిలోల బియ్యం మిగిలాయి. కొత్త యంత్రం కొనలేదు, ఎవరినీ మందలించలేదు.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. చాలాచోట్ల ఈ హద్దులను కొనుగోలుదారు అడిగిన బరువును బట్టి గీస్తున్నారు. అది పూర్తిగా తప్పు. కొనేవారికి ఏమి కావాలో ఒప్పందం చెబుతుంది, యంత్రం ఏమి ఇవ్వగలదో దాని కొలతలే చెప్పాలి. ఇంకొందరు నెలాఖరున ఆడిట్ కోసం కార్యాలయంలో కూర్చుని, కంప్యూటరులో ముప్పై రోజుల చార్టులు ఒక్కసారే ముద్రించి ఫైలులో పెడతారు. 1924 మే 16న, ఈ చార్టును రూపొందించిన అమెరికన్ శాస్త్రవేత్త షూహార్ట్ తన పై అధికారికి ఇచ్చిన తొలి చార్టు ఒక్క పేజీ నోటులో ఇమిడిపోయింది. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లో మన దేశానికి వచ్చి ఈ పద్ధతిని స్వయంగా వివరించి వెళ్లారు. ఇన్నేళ్ల తరువాత కూడా మన ఇంజనీరింగ్ కళాశాలలలో దీనిని పరీక్షలో రాసే సూత్రంగానే నేర్పడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

చార్టు ఉన్నది యంత్రాన్ని ముట్టుకోకుండా ఆపడానికే కాదు, ఎప్పుడు ముట్టుకోవాలో చెప్పడానికి కూడా. ఆ నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు వదలలేదు. ఒక ఉదయం ఎనిమిది చుక్కలు వరుసగా సగటు గీతకు పైనే పడ్డాయి. ఒక్కటీ హద్దు దాటలేదు, కాని అన్నీ ఒకే పక్కన పడడం మామూలు ఊగిసలాట కాదు. వెతికితే కంప్రెసరు ట్యాంకులో నీరు చేరి, గాలి గొట్టంలోకి తేమ పోయి, తలుపును కదిలించే సిలిండరు నెమ్మదిగా మూసుకుంటున్నదని తెలిసింది. నీరు వదిలి, ఫిల్టరు శుభ్రం చేశాక చుక్కలు మళ్లీ గీతకు రెండు వైపులా పడ్డాయి.

కాబట్టి మీరు కోర్సు రుసుము కట్టే ముందు ఒక గ్రాఫు పుస్తకం కొని, మీ పనిలో ఎక్కువ నష్టం తెస్తున్న ఒక్క కొలతను ఎంచుకోండి. పాతిక జట్లు పూర్తయ్యే వరకు హద్దులు గీయకండి. చార్టును మీ గదిలో కాకుండా యంత్రం పక్కనే వేలాడదీసి, పెన్సిలు ఆపరేటరు చేతికే ఇవ్వండి. ఆ ముసురు రోజున ఎనిమిదో చుక్క పెట్టి, సెట్టింగు ముట్టుకోకుండా నన్ను పిలిచింది అతనే.