దడ్వాయి కథ గురించి తమ్ముడికి

హన్మకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివిన. ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి, అంటే కాంటా పెట్టి తూకం రాసేటోడు, బస్తాకు రెండు కిలోల మిర్చి తక్కువ రాసే సీను మంచిగ వచ్చింది. కాంటా ఊగుడు ఆగకముందే వాని పెన్ను చిట్టీ మీద పడుడు, అది చూసి రాసినవ్. కానీ చివర్ల వాడు మోకాళ్ల మీద ఏడ్వంగనే కథ ఒడగొట్టినవ్. మరి రైతు మిర్చి సంగతేంది?

పాపం, దోషం, అతిక్రమం ఒక్కటే అనుకొని మార్చి మార్చి వాడినవ్. బైబిల్ల 51వ కీర్తన మొదటి రెండు వచనాలు తియ్యి. అతిక్రమమంటే తిరుగుబాటు; దాన్ని రాత చెరిపినట్టు తుడిచెయ్యమంటడు ఆ కీర్తన రాసిన దావీదు రాజు. పాపమంటే గురి తప్పుడు. దానికి పవిత్రపరచుమంటడు, కుష్ఠరోగి శుద్ధికి వాడే మాట అది. దోషమంటే వంకర, దాన్ని కడుగుమంటడు. ఈ 'కడుగుము' దగ్గర జెర ఆగు. హీబ్రూల అది బట్టలు ఉతికే మాట, ఒళ్లు కడిగేదానికి వేరే మాట ఉంది. చాకిరేవుల బట్టను నానబెట్టి, తొక్కి, బండకేసి కొడితే గని మురికి ఇడువది. దావీదు అడిగింది ఆ ఉతుకుడు. నీ దడ్వాయికి నువ్వు ముఖం కడిగి పంపినవ్.

లేవీయకాండం 6వ అధ్యాయం లెక్క కూడా చెప్తది: మోసంతో తీసుకున్నది మొత్తం, దాని మీద అయిదో వంతు. 25 బస్తాలకు 50 కిలోలు పోతే 60 కిలోలు వాపసు. సువార్తల పన్ను వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగింతలిస్తనన్నడు, అంటే 200 కిలోలు. అయితే వరుస తప్పకు. జక్కయ్య ఇచ్చిండని యేసు వాళ్లింటికి రాలే. యేసు వచ్చినంక జక్కయ్య ఇచ్చిండు. ఇది తలకిందులైతే క్షమాపణ కొనుక్కునే సరుకైతది.

వాపసిచ్చుడే సరిపోతదా అంటే, యేసును పట్టిచ్చిన శిష్యుడు యూదాను చూడు. దానికి తీసుకున్న 30 వెండి నాణేలు వాపసు తెచ్చిండు, పాపం చేసిన అని నోటితోనే ఒప్పుకున్నడు. కానీ యాజకుల దగ్గర. వాళ్లు మాకేం సంబంధమన్నరు, ఆయన పోయి ఉరేసుకున్నడు. యేసు ఎవరో తెల్వదని బొంకిన శిష్యుడు పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చిండు, కానీ యేసు కనబడంగనే పడవల నుంచి నీళ్లల్ల దుంకి ఆయన దగ్గరికే పోయిండు. అపరాధ భావం మనిషిని ఎటు నడిపిస్తున్నదో రాయి, ఎంత ఏడ్చిండో కాదు.

ఇంకొకటి. మీ దడ్వాయి ఏ సంఘమో ముందు తేల్చుకో. కాథలిక్ అయితే బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటరు; పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకునుడు, దానికి ఫాదర్ ఇచ్చే ప్రాయశ్చిత్తం ఉంటయి. బాప్టిస్టు అయితే నీళ్లల్ల మునిగి తీసుకునే బాప్తిస్మం. పాపం ఒప్పుకునుడు నేరుగ దేవుని దగ్గర. నీ కథల ఫాదర్ పోయి రైతుకు సంగతి చెప్పిండు. అది కుదరదు. పాపసంకీర్తనంల విన్నది ప్రాణం పోయినా బయటపెట్టద్దు. రైతుకు చెప్పాల్సింది దడ్వాయే.

రైతుది నర్సంపేట దిక్కు ఊరు కదా. 60 కిలోల పైసలు జేబుల పెట్టి దడ్వాయిని ఆ బస్సెక్కియ్యి. రైతు ఆ పైసలు తీసుకుంటడో, తలుపేసుకుంటడో ఇప్పుడే అనుకోకు. కొత్త పేజీలు రాసినంక పంపు, చదువుత.

అన్న