ప్రపంచ పౌరసత్వం అంటే భారత పౌరసత్వాన్ని వదులుకోవడమేనా?

కాదు, పాఠశాలల్లో బోధించే ‘ప్రపంచ పౌరసత్వం’ ప్రపంచ ప్రజలందరి మంచిచెడ్డల్లో మనకూ పాలు ఉందనే అవగాహనే తప్ప చట్టపరమైన హోదా కాదు గనుక, దానివల్ల భారత పౌరసత్వానికి ఏ లోటూ రాదు. పౌరసత్వాన్నీ పాస్‌పోర్టునూ ఇచ్చేవి దేశాలే. ఐక్యరాజ్యసమితి అనేది దేశాలు కలిసి ఏర్పరచుకున్న సంస్థ మాత్రమే కాబట్టి, ఎవరినీ తన పౌరులుగా చేసుకోలేదు. 2015లో సభ్యదేశాలు ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 4.7 అంశం ఈ బోధనను కోరుతుంది. అంతర్జాతీయ శాంతిని పెంపొందించాలని మన రాజ్యాంగం 51వ అధికరణ కూడా చెబుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలకు ఈ ప్రపంచ పౌరసత్వ పాఠం రొయ్యల చెరువు గట్టుమీదే అర్థమవుతుంది. ఇక్కడ పెంచే వనామి రొయ్య పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. పట్టిన సరుకును కొనే దేశాల్లో అమెరికా ప్రధానమైనది. 2025 ఆగస్టులో ఆ దేశం భారతదేశపు సరుకుల్లో చాలావాటిపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, ఇక్కడి రైతు 100 కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యల) ధర ఎంతని వ్యాపారిని అడిగితే వచ్చే జవాబులో వాషింగ్టన్ నిర్ణయం కూడా ఎలా కలుస్తుందో విడమరచి చెప్పడమే అంతర్జాతీయ సంబంధాల పాఠం. రాజధానుల పేర్లు బట్టీ పట్టించడం కాదు.

ప్రపంచ పౌరుడికి వీసా అక్కర్లేదనీ, దేశంపై మమకారం తగ్గుతుందనీ చాలామంది పొరబడతారు. వీసా నిబంధనలు అందరికీ యథాతథంగా వర్తిస్తాయి. భారతీయుడు స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే మాత్రం, 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇక్కడి పౌరసత్వం రద్దవుతుంది.