కాంటెస్సా ఏసీ: గ్యాసు కన్నా ముందు లీకు సంగతి

మీ 1992 కాంటెస్సా కారు ఏసీలో గ్యాసు నింపించిన రెండు నెలలకే మళ్లీ వేడి గాలి వస్తోందన్నారు. లీకు వెతక్కుండా మూడోసారి నింపించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మీ కావలి ఊళ్లో ఉప్పుగాలి కండెన్సర్ (కారు ముందు భాగంలో గ్యాసును చల్లబరిచే జాలీ) రెక్కలను తినేస్తుంది కాబట్టి మొదట అక్కడ చూడండి. గొట్టాల అతుకుల దగ్గర దుమ్ము జిడ్డుగా పేరుకుంటే అదీ అనుమానించాల్సిందే, గ్యాసుతో పాటు నూనె కూడా కారుతుంది కాబట్టి. ఒంగోలులో నా బండికి ఇవన్నీ చూశాక, కంప్రెసర్ (గ్యాసును నొక్కి తిప్పే పంపు) క్లచ్ వెనుక సన్నటి నల్ల నూనె చార కనిపించింది. కంప్రెసర్ ఇరుసు చుట్టూ గ్యాసు బయటికి రాకుండా ఆపే షాఫ్ట్ సీలు పోయింది.

ఆ కాలపు బండ్ల ఏసీలో ఉండే గ్యాసు ఆర్-12. మన దేశంలో 2010 నాటికే దాన్ని ఆపేశారు. ఇప్పుడు పోసేది ఆర్-134ఏ అనే గ్యాసు అయితే, కంప్రెసర్‌లోని పాత మినరల్ నూనె దానితో కలవదు, కంప్రెసర్ అరిగిపోతుంది. పాత నూనె పూర్తిగా తీయించి ఎస్టర్ నూనె పోయించండి. ఓ-రింగులు (అతుకుల్లోని రబ్బరు వలయాలు), డ్రయ్యర్ (లోపలి తేమను పీల్చే డబ్బా) కొత్తవి వేయించండి. డ్రయ్యర్ దగ్గర పొదుపు అసలు వద్దు. తర్వాత 45 నిమిషాలు వాక్యూమ్ పెట్టించి (పంపుతో లోపలి గాలి, తేమ లాగించి), పంపు ఆపిన అరగంట దాకా మీటరు ముల్లు కదలకపోతేనే గ్యాసు ఎక్కించనివ్వండి. అదీ ఆ బండికి పట్టే ఆర్-12 బరువులో 80-85 శాతమే. మెకానిక్ తొందరపెడతాడు, మీరు మాత్రం అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి.